ఒళ్ళో పెట్టిన చేతులు

ఆ ఆస్పత్రిలో నరాల జబ్బుల ఓపీకి వచ్చే ప్రతి రోగి చేతిలోనూ ఒక అట్ట ఫైలు ఉంటుంది. కింద కిటికీ దగ్గర ఫైలు తీసుకోనిదే పైకి పంపరు. రోగి దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కుతాడు, బెంచీ మీద పట్టుకునే కూర్చుంటాడు, డాక్టరు ముందు స్టూలు మీద కూర్చున్నాక కూడా వదలడు. ఆ ఫైలంటే గ్లాసు నర్సమ్మకు ఒళ్ళు మంట. ఇరవై ఆరేళ్ళుగా ఆ గుమ్మం దగ్గరే పని చేస్తోంది, ఇరవై ఆరేళ్ళుగా ఆ మంట ఆరలేదు.

ఎందుకంటే వణుకులన్నీ ఒకటి కావు. కొన్ని చెయ్యి పనిలో ఉన్నప్పుడే వస్తాయి. కొన్ని చెయ్యి ఊరికే ఉన్నప్పుడే వస్తాయి, ఏదైనా పట్టుకోగానే నక్కి కూర్చుంటాయి. ఈ రెండో రకం మనిషి చేతికి ఫైలిచ్చి, దాన్ని గట్టిగా పట్టుకోనిచ్చి, ఏదీ వణుకు అని కళ్ళజోడు సర్దుకుంటే ఏం కనపడుతుంది? దొంగను పెరటి తలుపులోంచి పంపేసి ఇల్లంతా వెతికినట్టే. ఈ మాట ఆఫీసులో చెప్పి చూసింది. కాగితం మీద రాసి ఇచ్చింది. ఫైళ్ళు కట్టగట్టి పైకి పంపండి, రోగుల చేతికివ్వకండి అని. ఆలోచిస్తామన్నారు. ఆలోచిస్తూనే ఉన్నారు.

అందుకని ఆమె గుమ్మంలోనే నిలబడి ఫైళ్ళు లాక్కునేది.

"ఇటివ్వండి. ఆస్తి కాగితాలేం కాదు, నేనేం తినను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి."

కూర్చున్నాక కాసేపు పట్టించుకోనట్టు నటించేది. కిటికీ తీసేది, పక్కవాళ్ళతో మాట్లాడేది, ఓరకంటితో ఒళ్ళో ఉన్న చేతుల్నే చూసేది. ఆ తరువాత స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి ఇచ్చేది. అందుకే ఆ పేరు. పెట్టినవాళ్ళు వేళాకోళానికే పెట్టారు గానీ ఆమె దాన్ని బిరుదు కింద జమ కట్టుకుంది.

ఈ పద్ధతి ఆమెకు నేర్పినాయన ఎప్పుడో రిటైరైన పెద్ద డాక్టరు. "చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు చూడు. చాచినప్పుడు చూడు. పని చేస్తూ పని చివరికి వచ్చినప్పుడు చూడు. మూడూ చూడకుండా నోరు తెరవకు" అనేవాడాయన. ఆయన మాట ఆమెకు శిలాశాసనం. నోరు తెరవకు అన్న ముక్క ఒక్కటే ఆమె వల్ల కాలేదు.

ఒకసారి ఒక బడి మాస్టారు వచ్చాడు. బోర్డు మీద రాస్తుంటే అక్షరాలు వంకర్లు పోతున్నాయట. తాగొస్తున్నాడని బడిలో పుకారు, ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. ఒళ్ళో ఉన్నంతసేపూ ఆయన చేతులు రాళ్ళలా కదలకుండా ఉన్నాయి. గ్లాసు నోటి దాకా తెచ్చేసరికి సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. నర్సమ్మ అడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని.

"వణుకు లేదు గానీ, మా అమ్మకి తల అడ్డంగా ఊగేదండీ. మా నాన్న ఏదడిగినా వద్దంటోందనే అనుకునేవాడు. పాపం, నలభై ఏళ్ళు ఆయన ఇంకో మాట అడగలేదు."

నర్సమ్మ నవ్వింది, ఆ వెంటనే ఆమెకు కోపం వచ్చింది. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన వణుకు అది. ప్రాణం తీసేది కాదు, మందిస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. ఆ మాత్రం తెలుసుకోకుండా మనిషి మీద తాగుబోతని ముద్ర వేస్తారా? తాగుబోతు వణుకు వేరు. పొద్దున్నే చుక్క పడకపోతే ఒళ్ళంతా చెమటలు పట్టి, కళ్ళలో బెదురు, నాలుక కూడా వణుకుతుంది. ఆ మాటే బడి పెద్దకు ఫోన్ చేసి చెప్పింది. డాక్టరు చెప్పాల్సిన మాట నువ్వెందుకు చెప్పావని తరువాత ఆమెను పిలిచి అడిగారు. "డాక్టరు గారికి తీరిక లేదు, నాకు నోరు ఉంది" అంది.

ఇంకోసారి ఒక కూతురు తల్లిని తీసుకొచ్చింది. తల్లి కుడి చెయ్యి ఒళ్ళో ఉండి, బొటనవేలూ చూపుడువేలూ ఏదో గింజను నలుపుతున్నట్టు ఆడుతున్నాయి. గ్లాసివ్వగానే ఆ ఆట ఆగిపోయింది. పార్కిన్సన్స్ అని గుమ్మంలోనే తెలిసిపోయింది నర్సమ్మకు. కూతురు మాత్రం చేతి సంగతి వదిలేసి మొహం గురించే ఫిర్యాదు. "ఏడాదిగా మాతో నవ్వట్లేదండీ. ఏమడిగినా మొహం ముడుచుకునే ఉంటుంది. మేమేం తక్కువ చేశామో చెప్పదు."

నర్సమ్మ ఆ అమ్మాయిని వరండాలోకి లాక్కుపోయి దులిపేసింది. "మీ అమ్మ మొహం ముడుచుకోలేదు. మొహంలో కండలు కదలట్లేదు. అది కోపం కాదు తల్లీ, జబ్బు. ఏడాది నుంచీ కన్నతల్లి మొహం చూస్తున్నావు, ఆ మాత్రం తెలీలేదా నీకు?" ఆ పిల్ల గోడకు ఆనుకుని ఏడ్చింది. నర్సమ్మ జాలిపడలేదు. కళ్ళుండి చూడనివాళ్ళంటే ఆమెకు జాలి లేదు.

ఇదంతా ఎందుకు చెప్పడమంటే, ఇంత తెలిసిన మనిషి తన సొంత అక్క దగ్గర ఏం చేసిందో చెప్పడానికే.

అక్క కోట్లు కుట్టే దుకాణంలో కత్తెర పని చేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే దుకాణం, అదే బల్ల, అదే మూరెడు కత్తెర. సుద్దతో గీసిన గీత మీద కత్తెర పెట్టిందంటే గీత చివరిదాకా ఒకే ఊపులో పోవాలి, మధ్యలో ఆగితే అంచు పళ్ళు పడుతుంది. ఊళ్ళో చాలామంది పెద్దమనుషుల భుజాలు అక్క కత్తెర వల్లే నిటారుగా కనపడతాయని బావ అంటుంటాడు. బావ రేడియోలు బాగుచేసే మనిషి, ఇప్పుడు రేడియోలు లేవు గనుక కబుర్లు చెబుతుంటాడు.

నర్సమ్మకు ఇరవై అయిదేళ్ళ సర్వీసు నిండినప్పుడు ఆస్పత్రిలో చిన్న సభ పెట్టి గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. అక్కా బావా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నర్సమ్మ వేదిక మీద నిలబడి, అందరి మొహాలూ వదిలేసి అక్క మొహం కోసం చూసింది. అమ్మ పోయాక ఆమెను పెంచిందీ, నర్సు చదువుకు పంపిందీ అక్కే. ఆ మొహం చెక్కలా ఉంది. చిరునవ్వు కూడా లేదు. గది అంతా చప్పట్లు కొడుతుంటే అక్క ఏదో మొక్కుబడికన్నట్టు నెమ్మదిగా రెండుసార్లు అరచేతులు ఆనించి ఊరుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు "బాగుందే" అంది, ఆ మాటలోనూ ఎత్తూ పల్లం లేదు.

అక్కకు నా మీద ఏడుపు, అనుకుంది నర్సమ్మ. పెంచిన చేతికి పెరిగిన చెయ్యి పైనుండటం నచ్చలేదు. సరే, నాకూ రోషముంది. అంతే, రోజూ చేసే ఫోను మానేసింది. ఒక నెల గడిచింది, నాలుగు నెలలు గడిచాయి. మధ్యలో బావ రెండుసార్లు ఫోన్ చేసి, చల్లకొచ్చి ముంత దాచినట్టు ఏవేవో మాట్లాడి అసలు సంగతి చెప్పకుండానే పెట్టేశాడు. ఆమె అడగనూ లేదు.

అయిదో నెలలో ఒక నర్సు సెలవు పెడితే వారం రోజులు ఈమెను వార్డుకు పంపారు. తిరిగి వచ్చేసరికి ఓపీలో ఫైళ్ళు గుట్టపడి ఉన్నాయి. బీరువాలో సర్దుతుంటే ఒక అట్ట మీద అక్క పేరు కనపడింది. అలాంటి పేరు ఇంకొకరికి ఉండొచ్చు అనుకుంది. వృత్తి: కోట్ల కత్తిరింపు. ఇల్లు: రెండో అంతస్తు, ఆ వీధే.

నిలబడే చదివింది. రెండు చేతులకూ వణుకు, ఎనిమిది నెలలుగా. పనులన్నీ నెమ్మది. మొహంలో కదలిక తక్కువ. పార్కిన్సన్స్. జీవితాంతం మందులు, ముందుగా రెండు రకాలు. వాడుతున్న మందులు అన్నచోట "ఏమీ లేవు" అని ఉంది. సంతకం కొత్తగా వచ్చిన చిన్న డాక్టరుది.

మొహంలో కదలిక తక్కువ. ఆ ముక్క దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. సభలో ముందు వరసలో చెక్కలాంటి అక్క మొహం, మొక్కుబడి చప్పట్లు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వరండాలో ఏడిపించిన ఆ పిల్ల కూడా గుర్తొచ్చింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటే ఇదే. నర్సమ్మకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. తను లేని వారం చూసుకుని దొంగలా వచ్చి పోయిన అక్క మీద, దాచిన బావ మీద, ఆ సంతకం మీద, ఈ ప్రపంచం మొత్తం మీద కోపం వచ్చింది. పూట సెలవు రాసి పడేసి బస్సెక్కింది.

బావ తలుపు తీసి, "రా మరదలా, దారి తప్పావా?" అన్నాడు.

"మీరు జోకులెయ్యకండి బావా. ఏదీ అక్క?"

అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు కింద చేతులు. చెల్లెల్ని చూసి "వచ్చావా" అంది. మొహం అదే చెక్క.

"నేను పనిచేసే చోటికే వచ్చి నాకు చెప్పకుండా పోతావా? నేనేమన్నా పరాయిదాన్నా?"

"నువ్వు మాట్లాడటం మానేశావు కదే. ఎందుకో తెలీలేదు. కోపంలో ఉన్నదానికి జబ్బు సంగతి చెబితే జాలి అడుక్కున్నట్టుంటుందని చెప్పలేదు."

నర్సమ్మ వంగి తువ్వాలు లాగేసింది. రెండు చేతులూ ఒళ్ళో వణుకుతున్నాయి. ఎడమది ఎంతో కుడిది అంతే.

ఆమె అక్కడే ఆగింది. ఇరవై ఆరేళ్ళలో చూసిన చేతులు కళ్ళ ముందు వరసకట్టాయి. ఆ జబ్బు చాలావరకు ఒక చేతిలో దిగుతుంది, అందులో పాతుకున్నాక గానీ రెండో చేతికి రాదు. వచ్చాక కూడా మొదటి చెయ్యే ఎక్కువ ఆడుతుంది.

"ఏ చెయ్యి ముందు మొదలైంది?"

"రెండూ ఒకేసారి. కూడబలుక్కున్నట్టు."

చేతులు చాపమంది, చాపింది. తన వేలికొన ముట్టి ముక్కు ముట్టుకోమంది, నెమ్మదిగానే గానీ గురి తప్పకుండా ముట్టుకుంది. మోచెయ్యి పట్టుకుని ముడిచి చూస్తే రెండు వైపులా ఒకేలా బిగుసుకుని ఉంది. ఇంట్లో ఎవరికీ లేదు. బరువు తగ్గలేదు, గుండెదడ లేదు, థైరాయిడ్ పరీక్ష ఫైల్లో బాగానే ఉంది. ఎనిమిది నెలల్లో ఇంత దూరం రావడం కూడా ఆమెకు నచ్చలేదు.

"ఏమన్నా మందులు వాడుతున్నావా?"

"ఏమీ లేవే. ఆ డాక్టరూ అడిగాడు. ఆయన రాసినవి ఇంకా మొదలుపెట్టలేదు. నాకేమన్నా షుగరా, బీపీనా?"

"దుకాణంలో ఏమంటున్నారు?"

బావ అందుకున్నాడు. "పోయిన నెల ఒక కోటు మెడ దగ్గర కత్తెర జారింది. గుడ్డంతా పాడైంది. ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాడు యజమాని. తరువాత వేరే మనిషిని పెట్టుకుంటాడట. మీ అక్క ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఆ మొహంతో ఏం తెలుస్తుంది? నేనే ఏడ్చాను."

బావ లేచి, భోంచేద్దాం రమ్మని కంచాలు పెట్టాడు. పెడుతూ పెడుతూ అలమర మీద నుంచి ఒక బిళ్ళల అట్ట తీసి అక్క పక్కన పెట్టాడు. "పొద్దున నీ బిళ్ళ మర్చిపోయావు."

"అదేంటి?" అంది నర్సమ్మ.

"గ్యాస్ బిళ్ళ."

"మందులేమీ లేవన్నావు?"

"గ్యాస్ బిళ్ళ మందేమిటే? పళ్ళపొడిలాగా, పొద్దున్నే వేసుకునేదే కదా."

నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుని అట్ట తిప్పింది. ముందు వైపు పెద్ద ఎర్రక్షరాలు. వెనకవైపు చీమల్లాంటి అక్షరాల్లో రెండు మందుల పేర్లు. మొదటిది పుల్లటి త్రేన్పులు ఆపేది. రెండోది కడుపును తొందరపెట్టేది. ఆ రెండోది కడుపుతో ఊరుకోదు. ఏళ్ళ తరబడి వాడితే కొందరికి మెదడు దాకా పోయి, అచ్చం పార్కిన్సన్స్‌లాంటి వేషమే వేస్తుంది. రెండు చేతులూ ఒకేసారి, మొహం చెక్క, నడక నెమ్మది. ఆ ఓపీ గుమ్మంలో అలాంటివాళ్ళను నలుగురిని తనే పట్టుకుంది. ఆ నలుగురూ ఇలాగే మందుల్లేవన్నారు.

అప్పుడు చూడాలి ఆమెను. కంచం పక్కకు నెట్టి లేచింది.

"ఎవడు చెప్పాడు నీకు, దీన్ని రోజూ మింగమని? పేరు చెప్పు. ఎవడా పనికిమాలినవాడు? రేపు పొద్దున వాడి గదిలోకి వెళ్ళి వాడి బల్ల మీద పెట్టి అడుగుతా. ఎన్నాళ్ళు వాడాలో చెప్పకుండా బిళ్ళలిచ్చేవాడు మనిషేనా? చెప్పవేం? ఎవడు?"

అక్క చెల్లెలి వైపు చూసింది. మొహంలో ఏమీ లేదు. గొంతులోనూ ఏమీ లేదు.

"నువ్వే."

బావ లేచి వెళ్ళి కుట్టుమిషను సొరుగులోంచి ఒక మడత కాగితం తెచ్చాడు. ఆస్పత్రి చీటీ కాగితం. రాత నర్సమ్మదే, కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. "రోజూ పొద్దున ఒకటి, తిండికి ముందు." అంతే. ఎన్ని రోజులో లేదు.

మూడేళ్ళ కిందటి సంగతి ఆమెకు ముక్కలు ముక్కలుగా గుర్తొచ్చింది. అక్క ఓపీ వరండాలోకి వచ్చి కడుపుబ్బరం అంది. రోగులు తోసుకుంటున్నారు. కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిపోయిన అట్ట ఒకటి సొరుగులో ఉంటే తీసి చేతిలో పెట్టింది, చీటీ రాసింది. పది రోజులని మనసులో అనుకుంది. నోటితో అన్నదో లేదో తెలియదు. కాగితం మీద మాత్రం రాయలేదు. అక్క పది రోజులకు ఆపలేదు. ఖాళీ అట్ట పట్టుకెళ్ళి చూపిస్తే మందుల దుకాణంవాడు మాట్లాడకుండా ఇంకో అట్ట ఇచ్చాడు. చెల్లెలు నర్సు, చెల్లెలు రాసింది, ఇక అందులో అనుమానమేముంది? వెయ్యి రోజులు వెయ్యి బిళ్ళలు.

నర్సమ్మకు తిట్టడానికి మనిషి దొరకలేదు. ఉన్న ఒక్క మనిషీ తనే. చీటీ మడిచి, బిళ్ళల అట్టతో కలిపి సంచీలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున బిళ్ళల అట్ట, చీటీ రెండూ పట్టుకుని చిన్న డాక్టరు గదిలోకి దూసుకెళ్ళింది. లోపల ముగ్గురు రోగులున్నారు. ఆమె ఆగలేదు.

"మా అక్కకు జీవితాంతపు జబ్బని రాశారు. మందులేం వాడుతున్నావని అడిగారు, లేవంటే లేవని రాసుకున్నారు. అడగడమంటే అదేనా? గ్యాస్ బిళ్ళను ఎవరూ మందనుకోరు డాక్టర్ గారూ. అట్టలన్నీ తెచ్చి బల్ల మీద పొయ్యమని చెప్పాలి. రెండు చేతులూ సమానంగా వణుకుతుంటే మీకు అనుమానం రాలేదా?"

అతను మంచివాడే, కుర్రవాడు. రోజుకు ఎనభై మందిని చూస్తాడు. అట్ట తిప్పి చదివి, చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నా పొరపాటే సిస్టర్. ఇది ఎవరు మొదలుపెట్టారు?"

ముగ్గురు రోగులూ ఆమె వైపే చూస్తున్నారు. గుమ్మంలో ఇంకో పదిమంది.

"నేనే" అంది, అందరికీ వినపడేలాగే.

చిన్న డాక్టరు ఫైలు తెప్పించి పాత రాత కొట్టేశాడు. గ్యాస్ బిళ్ళ ఆపాలి, తను రాసిన కొత్త మందులూ ఇప్పటికి వద్దు. "మూడు నెలలు చూద్దాం. ఆరు కూడా పట్టొచ్చు. ఎక్కువమందికి తగ్గుతుంది. కొందరికి అడుగున అసలు జబ్బు ఉండే ఉంటుంది, ఈ బిళ్ళ దాన్ని ముందుగా బయటపెడుతుంది. అలాంటివాళ్ళకు పోదు. మీ అక్క ఏ రకమో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. ఆ మాటలు ఆమెకు ముందే తెలుసు. వేరేవాళ్ళ అక్కలకు తనే చాలాసార్లు చెప్పింది.

నెలాఖరున దుకాణానికి వెళ్ళి యజమానితో పోట్లాడింది. మూడు నెలలు ఆగమంది. అతను ఓపిగ్గా విన్నాడు. "మీ అక్క మీద నాకు కోపం లేదమ్మా. కత్తెర పడ్డ గుడ్డ మళ్ళీ అతకదు, నా భయం అది" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేకపోవడం ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. అక్క ఇరవై రెండేళ్ళ బల్ల మీద నుంచి తన కత్తెర తీసుకుని గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఓపీలో ఆ తరువాత నర్సమ్మ గుమ్మంలో ఫైలు లాక్కోవడంతో ఆగలేదు. సంచీ కూడా లాక్కోవడం మొదలుపెట్టింది. "మందులా అని అడగట్లేదు. పొద్దున లేచినప్పటి నుంచి నోట్లో ఏమేం వేసుకుంటారో చెప్పండి. గ్యాస్ బిళ్ళ, తలతిరుగుడు బిళ్ళ, నిద్ర బిళ్ళ, పక్కింటివాళ్ళిచ్చిన బిళ్ళ, నర్సు చెల్లెలిచ్చిన బిళ్ళ." ఆఖరిదెందుకు అడుగుతోందో రోగులకు తెలియదు. మొదటి నెలలోనే మరో ఇద్దరు దొరికారు. దొరికినప్పుడల్లా మందుల దుకాణాల మీదా కంపెనీల మీదా వరండా దద్దరిల్లేలా అరిచేది. ఒకప్పుడు ఆ అరుపులో కాస్త గొప్ప ఉండేది. ఇప్పుడు లేదు.

ప్రతి ఆదివారం అక్క ఇంటికి వెళ్ళేది. తువ్వాలు తీసి చూసేది. మొదటి నెల మార్పు లేదు. రెండో నెల లేదు. ఉబ్బరానికి బావ తిండివేళలు మార్చాడు, అదే తగ్గింది. వణుకు తగ్గలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నర్సమ్మకు తెలుసు, అయినా ప్రతి వారం పట్టుకుని వెళ్ళేది.

అన్నిటికంటే నరకం ఏమిటంటే, అక్క ఒక్కమాట అనలేదు. "నన్ను తిట్టవే" అంది ఒక ఆదివారం. "పోనీలే" అంది అక్క. నిజంగా పోనిచ్చిందో, లోపల మండుతోందో తెలుసుకోవాలంటే మొహం చూడాలి. మొహం మీద ఏమీ రాసి లేదు. మనుషుల చేతులు చదివి బతికిన మనిషి, సొంత అక్క మొహం ముందు చదువురానిదానిలా కూర్చునేది.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి అక్క బల్ల ముందు నిలబడి ఉంది. పాత వార్తాపత్రికల మీద సుద్దతో కోటు మెడ వంపు గీసుకుని కత్తిరిస్తోంది. కింద నేలంతా కాగితం ముక్కలు. నర్సమ్మ గుమ్మంలోనే ఆగింది. కత్తెర గీత మీద బాగానే పోయింది, వంపు తిరిగింది, సగం దాకా వచ్చింది. అక్కడ జారింది.

అక్క కత్తెరను బల్ల మీద విసిరికొట్టింది. అది దొర్లి కింద పడింది.

"అక్కా, చాలా దూరం వచ్చింది. పోయిన వారానికీ దీనికీ..."

"నోరు ముయ్యి."

నర్సమ్మ నోరు మూసింది.

"ప్రతి ఆదివారం వచ్చి నా చేతులు చూసి పోతావు. నేనేమన్నా నీ ఓపీలో రోగినా? మూడేళ్ళు. మూడేళ్ళు మింగాను, నువ్వు రాశావని. డాక్టరు రాస్తే ఎందుకని అడిగేదాన్ని. నువ్వు రాశావని అడగలేదు. ఆ చీటీ పారేయకుండా దాచుకున్నాను, చెల్లెలి రాత అని. పది రోజులు అని రెండు ముక్కలు రాయడానికి నీ చెయ్యేమన్నా పడిపోయిందా? నా బల్ల మీద ఎవరో పిల్ల నిలబడి కోస్తోందట. నా బల్ల అది. పైగా మొహం ముడుచుకున్నానని నాలుగు నెలలు మాట్లాడటం మానేస్తావా? నన్ను అడగొచ్చు కదే, ఏమైందే అక్కా అని ఒక్క మాట. ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ చూస్తావు, నన్నెందుకు చూడలేదే?"

నర్సమ్మ వింటోంది. వింటూ చూస్తోంది. అక్క కనుబొమలు దగ్గరకొచ్చాయి. వాటి మధ్య నిలువుగా ఒక గీత పడింది, చిన్నప్పుడు లెక్కలు తప్పు చేసినప్పుడు పడే గీత. ముక్కుపుటాలు అదిరాయి. పై పెదవి ఒకవైపు లేచింది. ఏడాదిగా లేని మొహం మొత్తం తిరిగొచ్చి తన మీద మండిపడుతోంది.

లోపలి గదిలోంచి బావ పరుగెత్తుకొచ్చి, "ఏమిటా గోల?" అన్నాడు, పెళ్ళాం మొహం చూసి గుమ్మంలోనే నిలిచిపోయాడు.

"ఏం, అలా చూస్తావేంటే? తిడుతుంటే ఏడుస్తావా, నవ్వుతావా, ఏదో ఒకటి చెయ్యి" అంది అక్క.

నర్సమ్మ రెండూ చేస్తోంది. "ఇంకా తిట్టు" అంది.

"ఒకసారితో అయిపోతుందనుకున్నావా? ఇంకా మూడేళ్ళవి ఉన్నాయి."

అక్క అలసిపోయి కుర్చీలో కూలబడింది. తువ్వాలు వేసుకోవడం మర్చిపోయింది. చేతులు ఒళ్ళో పడ్డాయి. ఎడమ చెయ్యి ఊరికే ఉంది. కుడి బొటనవేలు కొద్దిగా ఆడుతోంది, ఆగుతోంది, ఆడుతోంది. అది పోయేదో ఉండిపోయేదో నర్సమ్మకు తెలియదు. పెద్ద డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి ఆమె నోరు తెరవలేదు.

"చూసింది చాల్లే" అంది అక్క, కనుబొమల మధ్య గీత అలాగే ఉంది. "ఆ కత్తెర ఇటియ్యి. ఇంకో కాగితం పరుచు."